మిస్ లోరెట్టా వెతికిన పేరు

కెనడాలోని వాటర్లూలో నేను ఆఫీసుకు వెళ్ళే రైలు ఒకచోట గట్టిగా మలుపు తిరుగుతుంది. చలి ముదిరిన రోజుల్లో అక్కడ చక్రాలు పట్టాలకు రాసుకుని సన్నగా కూత పెడతాయి. ఆ కూత ఒక్క స్వరం మీద నిలవదు. పైకి లేచి, కాసేపు అక్కడే వణికి, మెల్లగా కిందికి జారుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు చిట్లించి ఇయర్‌ఫోన్లు సర్దుకుంటారు. నాకు మాత్రం ఒక పెద్దావిడ గుర్తుకొస్తారు. గిటార్‌ను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుని, అన్నం తినే బల్ల మీది కత్తి వెన్నుతో తీగను రాస్తూ, "ఇంకా కాదు, ఇంకా రాలేదు" అని తనలో తాను గొణుక్కునే మనిషి.

ఆమె పేరు లోరెట్టా. హాలిఫాక్స్‌లో ఆమెను ఎరిగినవాళ్ళంతా మిస్ లోరెట్టా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. మీరు ఆమె పేరు విని ఉండరు. ఆమె పాటలు ఏ దుకాణంలోనూ దొరకవు. ముప్పై ఏళ్ళు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి రిటైరయ్యారు. ఆ తర్వాత, తోటివాళ్ళు మోకాళ్ళకు మందు రాసుకుంటూ టీవీ ముందు కూర్చునే వయసులో, తన పూర్వీకుల పాటలు వెతకడం మొదలుపెట్టారు. బానిసత్వం తప్పించుకుని రెండు శతాబ్దాల కిందట ఓడల్లో హాలిఫాక్స్ తీరానికి చేరిన నల్లవాళ్ళ వంశం ఆమెది. ఏమీ పండని రాతినేల చూపించి బతకమన్నారట వాళ్ళను. ఆ రాళ్ళ మధ్యే వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు, చర్చిలు కట్టుకున్నారు, పాటలు కట్టుకున్నారు. కెనడా అంటే మంచు, చదువు, స్థిరపడటానికి పీఆర్ అనుకుని వచ్చినదాన్ని నేను. మా ముత్తాతల కాలానికి ముందు నుంచే ఇక్కడ నల్లవాళ్ళ ఊళ్ళున్నాయని నాకెవరూ చెప్పలేదు.

నేను హన్మకొండ నుంచి డిప్లొమా చదవడానికి హాలిఫాక్స్ వచ్చాను. ఆ రెండు మూడేళ్ళు మా ఈడువాళ్ళు విమానాల నిండా దిగారు. అద్దె ఇళ్ళు చాలలేదు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చాలలేదు, పొద్దుటి బస్సులో నిలబడే చోటు కూడా చాలలేదు. రెండు గదుల ఫ్లాట్‌లో అయిదుగురం తెలుగు అమ్మాయిలం ఉండేవాళ్ళం. ఇద్దరు గుంటూరు వాళ్ళు, ఒకమ్మాయిది కర్నూలు, నాదీ కీర్తిదీ వరంగల్ వైపు. పరిచయమైన మొదటి వారంలోనే "మీ ఇంటిపేరేంటి?" అనే ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న వెనక దాక్కున్న ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంటిపేరు చెప్పి, మా నాన్న టీచరని వెంటనే కలిపి, మాట మార్చాను. మా తాత డప్పు కొట్టేవాడని, మా నాయనమ్మ నాట్లకు పోయిన ప్రతి మడిలోనూ పాట ఎత్తుకునేదని చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడగకుండా చూసుకోవడం నాకు బాగా వచ్చు.

కాలేజీ లేని రోజుల్లో ఒక ఓల్డేజ్ హోమ్ వంటగదిలో పనిచేసేదాన్ని. ఎవరికి మెత్తగా చేసినది, ఎవరికి ఉప్పు లేనిది అని చూసి ట్రేలు సర్ది గదులకు అందించాలి. ఒక గురువారం మధ్యాహ్నం మిస్ హ్యాటీ అనే పెద్దావిడ గదికి సూప్ తీసుకెళ్ళాను. మంచం పక్కన కుర్చీలో, తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నారు. ఒడిలో గిటార్, మోకాలి మీద నోట్‌బుక్కు. నన్ను చూడకుండానే చెయ్యి ఎత్తారు. "ట్రే చప్పుడు కాకుండా పెట్టు. ఆమె ఇప్పుడే ఒక మాట పట్టుకుంది." మిస్ లోరెట్టా నాతో అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, నవ్వు లేదు.

మిస్ హ్యాటీకి తొంభై దాటాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. కూతురిని చూసి "నువ్వు కొత్త నర్సువా?" అని అడిగేవారు. ఆ కూతురే మిస్ లోరెట్టాను రమ్మని, పాడించి రికార్డు చేసుకోమని చెప్పింది. ప్రతి గురువారం అదే జరిగేది. మిస్ హ్యాటీ కిటికీ వైపు చూస్తూ రెండు పాదాలు పాడేవారు. తెల్లారకముందే తట్ట నెత్తికెత్తాను, రేవు దాకా రాళ్ళ దారి నాదే, అని దాని అర్థం. అక్కడ ఆగిపోయేవారు. మిస్ లోరెట్టా ఎదురు చూసేవారు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. తర్వాత నోట్‌బుక్కు మూసి, మిస్ హ్యాటీ నుదుటి మీద ముద్దు పెట్టి, "వచ్చే గురువారం" అని లేచేవారు. ఆ "వచ్చే గురువారం"లో నిరుత్సాహం ఎన్నడూ వినిపించలేదు. బస్సు ఎన్నింటికో చెబుతున్నట్టు ఉండేది.

నాలుగో వారమో అయిదో వారమో ఉండబట్టలేక, కత్తితో వాయిస్తారెందుకని అడిగాను. ఆమె ఎడమ చెయ్యి చాపి చూపించారు. లాండ్రీ యంత్రాల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన వేళ్ళు, కణుపులు ఉబ్బి, ముడుచుకోవు, పూర్తిగా తెరుచుకోవు. "ఈ వేళ్ళు వంగనంటున్నాయి. అందుకని తీగనే వంచుతున్నాను" అన్నారు. అరవై రెండో ఏట మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారట. కత్తి వెన్ను తీగ మీద జారుతుంటే మెట్లు లేని స్వరం వస్తుంది, ఏడుపులా, పిలుపులా. నల్లవాళ్ళ బాధల పాటలైన బ్లూస్ పాడే పాతకాలం వాళ్ళు అలా వాయించేవారని చెప్పి, "వాళ్ళూ వేరే దారి లేకనే గదా" అని మొదటిసారి నవ్వారు.

ఆ పాట ఎందుకంత ముఖ్యమో కూడా ఆ రోజే చెప్పారు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు అడవి పండ్లూ పూలూ తాము అల్లిన బుట్టలూ నెత్తిన పెట్టుకుని మైళ్ళకొద్దీ నడిచి, పడవ దాటి, పట్నం సంతకు వెళ్ళేవారు. ఆ నడకలో పాడిన పాట అది. చర్చి రిజిస్టర్‌లో ఆమె ముత్తాత పేరు ఉంది. పక్క గడిలో "భార్య" అని మాత్రమే ఉంది. ఆ భార్య పేరు ఏ కాగితంలోనూ లేదు. "నడక పాటలో ఆవిడ పేరు వస్తుందని మా అమ్మ అనేది. ఏ పాదంలో వస్తుందో అమ్మకు తెలియదు. ఆ పాట పూర్తిగా పాడినవాళ్ళలో మిగిలింది మిస్ హ్యాటీ ఒక్కరే. నా ఒంట్లో ఆవిడ నెత్తురుంది, ఆవిడ పేరు తెలియకుండా నేను పోను" అన్నారు. ఆ మాట ఆవేశంగా అనలేదు. సరుకుల జాబితా చదివినంత మామూలుగా అన్నారు. అందుకే నమ్మాను.

తర్వాతి గురువారం నేను ట్రే పెట్టి వెళ్ళిపోలేదు. నాకు అరగంట విరామం ఉంది. మిస్ లోరెట్టా పాత రికార్డర్ పాడైందంటే నా ఫోన్ ఆన్ చేసి మంచం మీద పెట్టాను. మిస్ హ్యాటీ రెండు పాదాలు పాడి ఆగారు. ఆగినప్పుడు ఆమె ముఖం చూశాను. అది మరిచిపోయిన ముఖం కాదు. గడ్డం కొంచెం ఎత్తి, చెవి ఒక పక్కకు పెట్టి, ఎదురు చూస్తున్న ముఖం. ఆ ముఖం నాకు తెలుసు.

"మిస్ లోరెట్టా, ఆమె మరిచిపోలేదు" అన్నాను. "వంత కోసం ఆగింది."

"ఏమిటది?"

వంత అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి తడబడ్డాను. "మా నాయనమ్మ నాట్లప్పుడు పాడేది. ఒక పాదం తను పాడితే, మిగతావాళ్ళు తిరిగి అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే ముందుకు పోదు. పోలేదు. 'నోట్లె నాలికె లేదా మీకు' అని తిడుతుంది."

మిస్ లోరెట్టా నా వైపు తిరిగారు. తర్వాత కత్తి కింద పెట్టి, చిన్న గొంతుతో, ఆ పాటలోది కాదని ఇన్నేళ్ళూ అనుకున్న ఒక పాదం పాడారు. చిన్నప్పుడు జడలు అల్లుతూ వాళ్ళమ్మ పాడేదట. నడువక్కా నడు, ముందర నడిచేదెవరు? అంతే. పిల్లల ఆటపాట అనుకుని పక్కన పెట్టేశారు.

మిస్ హ్యాటీ కళ్ళు కిటికీ నుంచి వెనక్కి వచ్చాయి. వెంటనే, ఒక్క క్షణం కూడా ఆగకుండా, ముందర నడిచేది రూత్ అని పాడారు. మిస్ లోరెట్టా మళ్ళీ వంత అందుకున్నారు. రూత్ వెనక సిల్వీ. మళ్ళీ వంత. సిల్వీ వెనక ఎర్ర రుమాలు కట్టిన కెజియా, రాళ్ళ దిబ్బ మీది ఇంటి కెజియా, గంపలో బిడ్డ, బిడ్డ మీద పూలు.

రాళ్ళ దిబ్బ మీది ఇల్లు మిస్ లోరెట్టా ముత్తాతది. ఊళ్ళో అలాంటి ఇల్లు అదొక్కటే.

మిస్ హ్యాటీ పాట పూర్తిచేసి, సూప్ చల్లారిపోయిందని నన్ను కోప్పడి, రెండు చెంచాలు తాగి నిద్రపోయారు. మిస్ లోరెట్టా కదలకుండా కూర్చుని, "కెజియా" అని ఒకసారి పలికి చూసుకున్నారు. తర్వాత ఫోన్ వైపు చెయ్యి చూపించారు. తీసి చూశాను. ఫోన్ నిండిపోయి, మొదటి పాదం దగ్గరే రికార్డింగ్ ఆగిపోయింది. నా ఫొటోలు, క్లాసు వీడియోలు, పనికిరాని చెత్తంతా అందులో ఉంది. కెజియా లేదు.

తిడతారనుకున్నాను. ఆమె పెదవులు బిగబట్టి లేచారు. "దా" అన్నారు. సిబ్బంది తిండి తినే గదిలో మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, పాట మొదటి నుంచి తను పాడారు, నన్ను వంత పాడమన్నారు. తర్వాత నన్ను పాడమని తను వంత పాడారు. పేర్ల వరస తప్పితే ఆపి మళ్ళీ మొదలుపెట్టించారు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదని ఏదో అనబోయాను.

"ఏడిస్తే బస్సులో ఏడువు. ఇప్పుడు రెండో చరణం" అన్నారు.

ఆరుసార్లు పాడాం. పక్క బల్లల దగ్గర నర్సులు తినడం ఆపి చూస్తున్నారు. చివరిసారి ఎక్కడా తప్పు పోలేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఒక్క నోట్లో ఉంటే నాతోపాటే పోతుంది. రెండు నోళ్ళలో ఉంటే దానికో దారి ఉంటుంది. ఇక నువ్వు రోజూ పాడాలి, తెలిసిందా?" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. మర్నాడు మిస్ హ్యాటీకి జ్వరం వచ్చింది. మళ్ళీ పాడలేదు. రెండు వారాల్లో పోయారు.

అంత్యక్రియల నుంచి తిరిగి వస్తూ, రేవు దాటే ఫెర్రీలో, పొగమంచులో పక్కపక్కన నిలబడి ఉండగా మిస్ లోరెట్టా హఠాత్తుగా అడిగారు. "మీ నాయనమ్మ ఏం పాటలు పాడేది?"

"నాకు రావు."

"బతికే ఉందా?"

"ఉంది. మా నాన్న దగ్గరే."

"మరి నా పాటలు పట్టుకుని నాతో తిరుగుతావేం? ఫోన్ చెయ్యి."

చెప్పినంత సులువు కాదన్నాను. మా ఇంట్లో ఆ పాటలకు చోటు లేదు. తాత డప్పు నేను పుట్టకముందే ఇంట్లోంచి పోయింది. నాయనమ్మ వంటింట్లో కూనిరాగం తీసినా నాన్న పేపరు దించి చూసేవాడు, ఆమె ఆపేసేది. మిస్ లోరెట్టా ఇదంతా విని, తనకు పదిహేడేళ్ళప్పుడు వాళ్ళమ్మ తన గిటార్‌ను ఎవరికో ఇచ్చేసిన సంగతి చెప్పారు. ఆదివారం చర్చిలో దేవుడి పాట పాడే నోటితో బ్లూస్ పాడటం ఆ తల్లికి తలవంపుగా ఉండేదట. తెల్లవాళ్ళు మనల్ని అసలే చిన్నచూపు చూస్తారు, దానికి నువ్వూ తోడవుతావా అనేదట. "చాలా ఏళ్ళు అమ్మ మీద కోపంతో బతికాను. తర్వాత తెలిసింది, ఆమెకు అసహ్యం పాట మీద కాదు. పాట విని నవ్విన మొహాల మీద. మీ నాన్నను పాట గురించి అడక్కు. ఆ మొహాల గురించి అడుగు."

ఆదివారం పొద్దున, ఫ్లాట్‌లో మిగతావాళ్ళు లేవకముందు, హన్మకొండలో సాయంత్రం అయ్యే వేళకు ఫోన్ చేశాను. పాటల సంగతి ఎత్తగానే నాన్న గొంతు మారింది.

"అవన్నీ నీకెందుకమ్మా? వాటి నుంచి బయట పడటానికే గదా నేను చదువుకున్నది. నిన్ను అంత దూరం పంపింది కూడా అందుకే గదా."

"తాతను చూసి ఎవరు నవ్విన్రు నాన్నా?" అని అడిగాను.

  కుర్చీ జరిపిన చప్పుడైంది, తర్వాత చెప్పాడు. ఆయన అయిదో తరగతిలో ఉండగా దొర ఇంట్లో పెళ్ళి. తాతకు తోడుగా డప్పు మోయడానికి ఇంకొకరు కావాలని మనిషిని బడికి పంపారు. లెక్కల పరీక్ష మధ్యలో లేపి తీసుకుపోయారు. వాన. తాత నిలువునా తడిసి వాయిస్తుంటే, అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఇంకా వంగు, ఇంకా వంగు అని నవ్వారట. తిరిగి వచ్చేసరికి నాన్న పుస్తకాల సంచి నీళ్ళలో నానిపోయింది. "ఆ సప్పుడు మళ్ళ ఇంట్ల ఇనబడొద్దనుకున్న" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో నాన్న నాతో ఇంటి యాసలో మాట్లాడటం అదే మొదటిసారి.

నేను పాటలు కావాలని మళ్ళీ అడగలేదు. ఫోన్ పెట్టేయబోతుంటే తనే, "ఉండు, అమ్మకిస్త" అన్నాడు.

నాయనమ్మ మొదట నవ్వింది. "గిప్పుడెవలింటరు బిడ్డా గా పాటలు?" అంది. నేను వింటానన్నాను. గొంతు సవరించుకుని ఒక పాదం ఎత్తుకుంది. ఆగింది. నాకు వంత రాదు. ఏం చేయాలో తెలియక నేను నోరు తెరిచేలోపు, ఫోన్‌కు దూరం నుంచి, తలుపు దగ్గర నిలబడి కాబోలు, నాన్న వంత అందుకున్నాడు.  ఒక్క మాట తప్పలేదు. చిన్నప్పుడు మడి గట్టు మీద కూర్చుని నేర్చినవన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. నాయనమ్మ పాడుతూ పాడుతూ మధ్యలో ఏడ్చింది, మళ్ళీ పాడింది. ఆ ఆదివారం మొదలై వరసగా పద్నాలుగు ఆదివారాలు పాడింది.

ఇంత జరిగాక కూడా నేనేమీ మారిపోలేదు. ఒకరోజు గదిలో నాయనమ్మ రికార్డింగ్ వింటుంటే కీర్తి వచ్చి, "ఎవరు పాడుతున్నది? మస్తుంది" అని అడిగింది. "ఏమో, నెట్‌లో దొరికింది" అన్నాను. నాలుక దానంతటదే ఆడింది. ఆ వారం మిస్ లోరెట్టా ఇంటికి వెళ్ళినప్పుడు, తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని, ఆమెకు చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు. టీ కప్పు నా ముందు పెట్టి, గిటార్ తీసి, పాట మీద పాట సాధన చేస్తూ కూర్చున్నారు. నేను వెళ్ళొస్తానని లేచినప్పుడు మాత్రం అన్నారు. "ఈ రోజు నువ్వు ఎవరిదో అన్న పాట, నీ పిల్లల నాటికి నిజంగానే ఎవరిదో అయిపోతుంది. రిజిస్టర్‌లో ఆ గడిలో పేరు రాయకుండా వదిలినవాడు కూడా పెద్ద దుర్మార్గుడై ఉండడు. తొందరలో ఉండి ఉంటాడు."

ఆ మాటకు సిగ్గుతో ఫెర్రీలో తల ఎత్తలేకపోయాను. ఇంటికి వెళ్ళేసరికి అందరూ వంట చేసుకుంటున్నారు. షూ కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "కీర్తీ, ఆ పాట పాడింది మా నాయనమ్మ. పేరు ఐలమ్మ. మా తాత డప్పు కొట్టేవాడు" అన్నాను. గరిట చప్పుడు ఆగింది. ఒకమ్మాయి ఇంకేదో పనున్నట్టు గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె నాతో ముభావంగానే ఉంది, దాచను. కీర్తి మాత్రం స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, "మళ్ళ పెట్టవా, సరిగా ఇనలే" అంది. మర్నాడు బస్సులో తనే అంది, వాళ్ళ అమ్మమ్మ కూడా పాడేదని, పేరు తప్ప ఒక్క పాటా తనకు తెలియదని.

వసంతం మొదట్లో ఒక కమ్యూనిటీ హాల్లో మిస్ లోరెట్టా పాటల కార్యక్రమం పెట్టారు. నిర్వాహకుడు మంచివాడే, కాని పాటకు ముందు అది ఎవరెవరి నుంచి వచ్చిందో అన్ని పేర్లు చదివితే జనం విసుక్కుంటారని, వాటి బదులు అందరికీ తెలిసిన హుషారు పాటలు రెండు పాడమని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. మిస్ లోరెట్టా అప్పటికే గిటార్ పెట్టె తెరిచారు. మళ్ళీ మూశారు. "పేర్లు లేకపోతే నేనూ లేను. ఇప్పుడే చెప్పండి, బస్సుకు ఇంకా టైముంది" అన్నారు. అరవలేదు, బతిమాలలేదు. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డారు. అతను పేర్లు చదవడానికి ఒప్పుకున్నాడు.

ఆ రోజు ప్రతి పాటకు ముందూ ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారు. ఎవరూ విసుక్కోలేదు. చివరికి నడక పాట దగ్గర నన్ను పిలిచారు. "మిస్ హ్యాటీ పాడినప్పుడు నాతోపాటు విన్నది ఈ అమ్మాయి ఒక్కతే. వంత లేకపోతే పాట నడవదని నాకు చెప్పింది వీళ్ళ నాయనమ్మ, ఐలమ్మ" అన్నారు. ఆ పేరు అట్లాంటిక్ ఒడ్డున ఒక హాల్లో మైకులో వినిపించింది. కత్తి తీగ మీద జారింది. నేను వంత పాడాను. రెండో పేరుకు వచ్చేసరికి ముందు వరసలో ఒక ముసలాయన నాతో కలిశాడు. కెజియా పేరు వచ్చేసరికి సగం హాలు అడుగుతోంది, ముందర నడిచేదెవరని. తమకు తెలుసని కూడా తెలియకుండా అంతమంది దగ్గర ఆ పాదం ఉంది.

చదువు అయ్యాక వాటర్లూలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. మిస్ లోరెట్టా వీడ్కోలు చెప్పడానికి బస్టాపు దాకా వచ్చి, కౌగిలించుకోకుండా, "పేర్ల వరస ఒకసారి చెప్పు" అన్నారు. చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయారు. ఆ తర్వాతి శీతాకాలం గుండె ఆగి పోయారు. మంచు తుఫానుకు విమానాలు రద్దయ్యాయి, నేను వెళ్ళలేకపోయాను. ఆ బాధ అలాగే ఉంది. దాన్ని అందంగా చెప్పడం నాకు చేతకాదు.

కొన్ని నెలలకు ఆమె మేనకోడలు డెనీస్ ఫోన్ చేసింది. చర్చి పిల్లలకు నడక పాట నేర్పాలనుకుంటున్నారట. హాల్లో ఆ రోజు చేసిన రికార్డింగ్‌లో జనం గోలకు చివరి చరణం సరిగా వినిపించడం లేదట. "అత్త నోట్‌బుక్కులో మాటలున్నాయి. రాగం లేదు. ఆ పేజీ కింద 'సందేహం వస్తే స్వరూపను అడగండి' అని రాసి, నీ నంబరు పెట్టింది" అంది.

ఆఫీసులో ఖాళీగా ఉన్న మీటింగ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మొదటి పాదం ఎత్తుకుని ఆగాను. అవతల డెనీస్ కాస్త తడబడి, వంత అందుకుంది. రూత్, సిల్వీ, కెజియా. తన ముత్తవ్వ తల్లి పేరు నా నోటి నుంచి ఆ ఇంటి పిల్లకు చేరింది. రాగం జారే చోట ఆమె పొరపాటు పడితే ఆపాను, మళ్ళీ మొదలుపెట్టించాను. నాలుగోసారికి కుదిరింది. "మా అత్తలాగే సతాయిస్తున్నావు" అని నవ్వింది, ఏడ్చింది. బస్సులో ఏడవమని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు ఇక్కడ తెలుగువాళ్ళ కార్యక్రమాల్లో ఎవరైనా పాడమంటే నాయనమ్మ పాట పాడతాను. ముందు ఆమె పేరు, ఊరు, చేసిన పని, మా తాత డప్పు, అన్నీ చెబుతాను. కొందరు దగ్గరికొచ్చి మాట్లాడతారు, కొందరు భోజనాల వరస వైపు నడుస్తారు. నా గొంతు గొప్పది కాదు. గొప్పగా పాడమని మిస్ లోరెట్టా ఎన్నడూ అడగలేదు. తప్పు లేకుండా పాడమన్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నానో ముందు చెప్పమన్నారు. ఆ రెండు పనులూ చేస్తున్నాను.